అన్నయ్య చూపుకు తిప్పిన రింగు

చలి మొదలయ్యే ఏప్రిల్ వచ్చిందంటే మా లోయలో మగ దుప్పులు జత కోసం అరవడం మొదలుపెడతాయి. పొగమంచులో ఎక్కడో ఒకటి గొంతెత్తుతుంది. ఎదుటి కొండ మీంచి ఇంకొకటి బదులిస్తుంది. పిండి పిసుకుతున్నా, బట్టలు ఆరేస్తున్నా చేతులు వాటంతట అవే ఆగిపోతాయి. మా అన్నయ్య హామియోర అయితే తింటున్న పళ్ళెం పక్కన పెట్టి గుమ్మంలోకి వెళ్ళి నిలబడేవాడు. పిలిచినా పలికేవాడు కాదు. "అదిగో, నా సవతి ఆ కొండ కబురు పంపింది మీ అన్నయ్యకి" అనేది మా వదిన టూరుహీర. నేను నవ్వేదాన్ని. ఆయనకు ఆ మాట కూడా వినిపించేది కాదు.

ఆ ఏడాది దుప్పులు అరిచేసరికి అన్నయ్య లేడు. అంతకు ముందు ఏడు, అరుపుల కాలం ముగిసేవేళ, ఏటికి అవతలి గట్టున గుండె ఆగిపోయింది. గుర్రం ఒక్కటే ఇంటికి నడిచొచ్చింది. మాలో మనిషి పోయిన ఏడాదికి సమాధి రాయి మీద కప్పిన గుడ్డ తీస్తారు. ఊరూ చుట్టాలూ మరాయె అనే మా సభామందిరం ముంగిట చేరి, ఏడవాల్సింది ఏడ్చి, కడుపునిండా తిని, ఆ మనిషిని వెళ్ళనిస్తారు. ఆ భోజనంలో కొండలో వేటాడి తెచ్చిన మాంసం లేకపోతే ఆ ఇంటికి తలవంపులు. లోయలో ఎవరి రాయికి గుడ్డ తీసినా మాంసం తెచ్చింది మా అన్నయ్యే. ఇప్పుడు ఆయన రాయి వంతే వచ్చింది. ఈస్టర్‌కి గుడ్డ తీయాలని పెద్దలు నిర్ణయించారు.

మాంసం నేను తెస్తానని మా అక్క కొడుకు పావొర ముందుకొచ్చాడు. దుంగల లారీ నడుపుతాడు, నలభై దాటినవాడు, కొత్త రైఫిల్ ఉంది, కొత్త గుర్రం ఉంది. వదిన ఒప్పుకోలేదు. ఆయన రైఫిల్‌తో, నా చేత్తో తెస్తాను, ఇంకొకరి మాంసం ఆయన పేరు మీద వడ్డించనివ్వను అంది. పెళ్ళయిన కొత్తలో వదిన అన్నయ్యతో సమానంగా కొండలెక్కేది. పిల్లలు పుట్టాక మానేసింది. అయినా రైఫిల్ కాయితాలన్నీ తన పేరు మీదకు మార్పించుకుంది. ఆడమనిషి పంతం పట్టిందని మగవాళ్ళు మూతులు విరుచుకున్నారు. నాకు మాత్రం ముచ్చటేసింది.

ఆ రైఫిల్ ఇంట్లో మిగలడమే ఒక కథ. అన్నయ్యను మట్టిలో పెట్టి వచ్చిన రోజున మా కెరెయి బాబాయి ఇల్లంతా తిరిగి ప్రార్థన చదివాడు. పోయినవాడి నీడ ఇంటిని పట్టుకుని ఉండకుండా గదిగదికీ నీళ్ళు చల్లాలి. నీళ్ళ విషయంలో మా బాబాయి చేతికి ఎముక లేదు. గోడలు తడిసాయి, పరుపులు తడిసాయి, నా జుట్టు కూడా తడిసింది. అన్నయ్య కోటూ బూట్లూ పొగాకు గొట్టమూ ఆయనతోపాటే గోతిలోకి వెళ్ళాయి. చొక్కాలు పంచిపెట్టేశారు. పడుకున్న మంచం బయటికి పంపేశారు. రైఫిల్ దగ్గరికి వచ్చేసరికి వదిన దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సరే ఉండనీ అని బాబాయి దాని మీద ఇంకో రెండు దోసిళ్ళు ఎక్కువ చల్లాడు.

మార్చిలో వదిన రైఫిల్ బయటికి తీసి, పెరటి అవతలి గట్టు మీద డబ్బా పెట్టి కాల్చింది. డబ్బా కదల్లేదు. మళ్ళీ కాల్చింది. మట్టి లేచింది గానీ డబ్బా దర్జాగా కూర్చునే ఉంది. ఏమైందంటే, రైఫిల్ మీద గురి చూసే దుర్బిణీ ఉందే, ఆ స్కోప్‌లో గీతలు సరిగా కనపడటం లేదంది. నిలువు గీతా అడ్డం గీతా కలిసేచోట నల్లటి దారం ఉండాల్సింది పోయి, తడి కాయితం మీద సిరా పాకినట్టు ఉందిట.

అద్దం తుడిచింది. మెత్తటి గుడ్డతో ఒకసారి, ఊదుకుని ఒకసారి. చదువుకునే కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. గీత కాస్త తేరుకుంది గానీ కాల్చేసరికి రైఫిల్ వెనక్కి తన్నింది. కళ్ళద్దాల అంచు కనుబొమను చీల్చింది. అక్కడ ప్లాస్టర్ వేస్తూ నేను, ఈ వయసులో నీకీ పెళ్ళికూతురి బొట్టు ఎందుకు వదినా అని వేళాకోళం ఆడాను. నీ నోరు కుట్టడానికి కూడా దారం కావాలి, ఉంచు అంది.

పావొర వచ్చి చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు.

"చిన్నతాత చల్లిన నీళ్ళు లోపలికి పోయాయత్తా. ఇంకేం లేదు."

మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అది నిజమే అయ్యుండాలి. అన్నేసి నీళ్ళు చల్లితే లోపలికి పోకుండా ఎక్కడికి పోతాయి? కానీ ఆ మాట బాబాయితో ఎవరు అంటారు? ప్రార్థన చదివిన నీళ్ళు. వాటి వల్ల వస్తువు పాడైందని అన్నామంటే, ఆ తప్పు మాట బాబాయి వరకే ఆగదు, పైదాకా పోతుంది. ఇంకెక్కడివాళ్ళయినా స్కోప్ విప్పి చూసేవాళ్ళేమో. మేం విప్పలేదు, అడగలేదు, నోరెత్తలేదు. రహస్యంగా ఆరబెట్టడం మొదలుపెట్టాం.

స్కోప్ ఊడదీయకుండా రైఫిల్‌ని రైఫిల్‌గానే పొయ్యి పైనున్న బట్టల దండెం మీద వేలాడదీశాం. కింద రొట్టెలు కాలుతుంటే పైన అన్నయ్య రైఫిల్ ఊగేది. ఎవరైనా తలుపు తడితే దాని మీద దుప్పటి కప్పేదాన్ని. తడి లాగుతుందని పావొర ఎక్కడో విని, కొన్నాళ్ళు దాని ముందుభాగాన్ని బియ్యం సంచిలో దోపి ఉంచాడు. ఆ బియ్యంతో చేసిన పాయసంలో నూనె వాసన వచ్చింది. అయినా వదిన కళ్ళు మూసుకుని తింది, రైఫిల్ నూనె వాసన కదా మరి. గీత మాత్రం మసక మసకగానే ఉంది.

అప్పుడు పావొర ఇంకో మాట అన్నాడు. నీళ్ళ వల్ల కాకపోతే ప్రార్థన సరిపోలేదేమో, మావయ్య ఇంకా దాన్ని వదల్లేదేమో అని. నేను వాడి నెత్తిన ఒకటి వేశాను. వదిన మాత్రం ఆ మాటకు నవ్వనూ లేదు, కసరనూ లేదు. కిటికీలోంచి కొండ మీది మంచు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

ఇంట్లో బరువుగా ఉంది, ఇంకోసారి వచ్చి చదివి పొమ్మని బాబాయికి కబురు పంపాం. వచ్చాడు, కర్ర పొడుచుకుంటూ, నీళ్ళ గిన్నె పట్టుకుని. నిదానంగా, పాడుతున్నట్టు చదివాడు. వింటుంటే నాకు కళ్ళు మూతలు పడ్డాయి, అమ్మ ఒళ్ళో ఉన్నట్టనిపించింది. కానీ ఆయన దోసిలి ఎత్తేసరికి మెలకువ వచ్చి, అమాంతం రైఫిల్‌కి అడ్డంగా నిలబడి నా శాలువా దాని మీద కప్పేశాను. నీళ్ళన్నీ నా మొహాన పడ్డాయి.

బాబాయి ప్రార్థన పూర్తిచేసి, గిన్నె కింద పెట్టి, అదేమిటని అడిగాడు. నేను నీళ్ళు నమిలాను. ఆయన ఊరుకోలేదు. చివరికి నేనే కక్కేశాను. పావొర అప్పటికే లారీ దగ్గరికి జారుకున్నాడు.

బాబాయికి ముక్కు మీద కోపం. ఇంటి కప్పు ఎగిరిపోతుందనుకున్నాను. ఆయన మాత్రం రైఫిల్ అడిగి తీసుకుని, బోల్టు వెనక్కి లాగి ఖాళీగా ఉందని చూసుకుని, కిటికీ అంచు మీద ఆనించి కొండ వైపు పెట్టి చూశాడు.

"ఆ రీమూ చెట్టు కొమ్మ మీద పిట్ట కూర్చుంది. ముక్కుతో ఈకలు దువ్వుకుంటోంది కూడా" అన్నాడు. "నీళ్ళుంటే పిట్ట కనపడదు, చెట్టు కనపడదు, కొండే కనపడదు. మొత్తం పొగమంచే. గీతలొక్కటే మసకేస్తున్నాయంటే తప్పు నా నీళ్ళది కాదే."

కంటి వైపు చివర ఉన్న రింగు మీదికి ఆయన బొటనవేలు వెళ్ళింది. దాని చుట్టూ నల్లటి టేపు చుట్టి ఉంది, ఏళ్ళ నాటిది, అంచులు అరిగి నున్నబడింది. వేలు అక్కడే ఆగింది. బాబాయి వదిన వైపు చూశాడు. వదిన నేల వైపు చూసింది. ఆయన రైఫిల్ గోడకు ఆనించి, టీ పెట్టమ్మా అన్నాడు. తర్వాత వర్షాల గురించి మాట్లాడాడు.

ఆయన వెళ్ళాక నాకు వెలిగింది. ఎవరి కంటికి తగ్గట్టు వాళ్ళు ఆ రింగు తిప్పుకోవాలి. అది అన్నయ్య కంటికి తిప్పి ఉంది. ఎవరూ కదిలించకుండా టేపు వేశాడు. వదిన కన్ను వేరు. అంతే కదా, టేపు పీకి రింగు తిప్పితే సరిపోయేదానికి నా శాలువా, నా బియ్యం, నా పరువూ పోయాయి. నవ్వుతూ టేపు అంచు గోటితో లేపబోయాను.

"దాని మీంచి చెయ్యి తియ్" అంది వదిన.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. చెయ్యి తీసేశాను. చూడగా చూడగా అదే తేటపడుతుంది, నా కంటికి అలవాటవ్వాలి అంతే అని వదిన మామూలు గొంతుతో అంది. రోజూ పెరట్లో కూర్చుని ఆ మసక గీత వైపు రెప్ప వేయకుండా చూసేది. చాలాసేపు చూస్తే నిజంగానే తేటపడేదిట. అలా ఒకటీ అరా డబ్బాలు కూడా పడగొట్టింది. నాకు మనసులో ఏదో తేడాగానే ఉంది. కానీ మొగుడు పోయిన మనిషితో ఎంతకని వాదిస్తాం?

ఈస్టర్‌కి ముందు వారం ఇద్దరం గుర్రాలెక్కి పై లోయకు బయల్దేరాం. నేనెందుకంటే, అరవడానికి. నాకు నోరెక్కువని లోయంతా అంటుంది, ఉన్న మాటే. చిన్నప్పుడు అన్నయ్య నాకు దుప్పిలా అరవడం నేర్పాడు. ఆవు కొమ్ముతో నేర్పాడు గానీ నాకు పాత వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం బాగా కుదిరింది. దాన్ని జీను వెనక కట్టుకున్నాను. మాంసం తేవడానికి పోతున్నారా, కొండ ఊడవడానికి పోతున్నారా అని పావొర వంతెన దాకా ఏడిపిస్తూ వచ్చాడు.

ఏరు దాటి, మళ్ళీ దాటి, మళ్ళీ మళ్ళీ దాటుతూ పోవాలి. నీళ్ళలో గుర్రాల కాళ్ళ చప్పుడు తప్ప మాటల్లేవు. మంచు చెట్ల మధ్య నుంచి దిగి గుర్రాల మెడల దాకా వచ్చింది. అన్నయ్య గుర్రం బిస్కెట్ మీద వదిన ముందు పోతోంది. ఆమె వీపు ఒకసారి కనపడుతుంది, ఒకసారి కనపడదు. అన్నయ్య పాత టోపీ పెట్టుకుంది. ఒక వంకలో ఆ టోపీ ఒక్కటే మంచు పైన తేలుతూ పోయింది. అన్నయ్యే పోతున్నాడనిపించింది నాకు. పిలవాలనిపించింది. పిలిస్తే వదిన తిరిగి చూస్తుందని పిలవలేదు.

బిస్కెట్‌కి ఆ దారి కొట్టిన పిండి. అన్నయ్య పడిపోయిన గట్టు దగ్గర అది తనంతట తానే ఆగింది. వదిన దాన్ని అదిలించలేదు. కాసేపు ఆగి, అదే మళ్ళీ నడిచింది.

వేటగాళ్ళ గుడిసె చేరి, తడి బట్టలు ఆరేసుకుని, వేయించిన రొట్టెలూ చిలగడదుంపలూ తిని పడుకున్నాం. తెల్లారాక లేచేసరికి బయట లోకమే లేదు. తలుపు తీస్తే తెలుపు. ఆ తెలుపులో నాలుగు వైపులా దుప్పులు అరుస్తున్నాయి. దగ్గరదో దూరందో తెలియదు. ఒకటి బొంగురుగా, ఒకటి నిద్ర లేచిన మనిషి ఆవలించినట్టు. మేం మాట్లాడుకోకుండానే నడిచాం. అడుగు వేస్తే నాచులో దిగబడుతుంది, చప్పుడుండదు. నేను మెలకువగా ఉన్నానో లేదో నాకే తెలియలేదు.

కొండచరియ జారి గడ్డి మొలిచిన చోటు ఒకటుంది. దాని ఇవతల పడిపోయిన మాను వెనక కూర్చున్నాం. వదిన మాను మీద రైఫిల్ ఆనించింది. నేను గొట్టం నోటికి పెట్టుకుని అరిచాను. బదులొచ్చింది. మళ్ళీ అరిచాను, ఈసారి తిడుతున్నట్టు. ఇంకా దగ్గర నుంచి వచ్చింది, అదీ తిట్టే. అలా మేమిద్దరం తిట్టుకుంటూ ఉంటే, మంచు కొంచెం పక్కకు జరిగి, చెట్ల నీడలోంచి అది బయటికొచ్చింది.

ఎంత పెద్ద దుప్పి. మెడ చుట్టూ బురద పట్టిన జూలు, కొమ్ములకు ఫెర్న్ ఆకులు వేలాడుతున్నాయి. నోట్లోంచి ఆవిరి. నన్ను వెతుకుతోంది.  ఇప్పుడు పేలుతుంది, ఇప్పుడు పేలుతుంది అని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. పేలలేదు. వదిన చెంప రైఫిల్ మీద ఉంది, వేలు ట్రిగ్గర్ పక్కనే ఉంది, కన్ను చిట్లించి ఉంది. ఆ కంటి లోంచి నీళ్ళు కారుతున్నాయి.

వదిన వేలు తీసేసింది. రైఫిల్ దించింది. దుప్పి మా వైపు ఒకసారి చూసి, తొందరేం లేనట్టు మంచులోకి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈస్టర్ ఇంకెంత దూరం లేదు, చుట్టాలు అప్పుడే బయల్దేరి ఉంటారు. ఏమైందని అడిగాను. వదిన బోల్టు లాగి, తూటాలు తీసి, జేబులో వేసుకుని, అప్పుడు చెప్పింది. నల్లటి నీడలో నల్లటి గీత కరిగిపోయిందిట. గుండె మీద పెట్టానో పొట్ట మీద పెట్టానో తెలియలేదంది. తెలియనప్పుడు కాల్చకూడదు, అది మా ఇంట్లో పిల్లలు మాటలతోపాటే నేర్చుకుంటారు.

"చూడగా చూడగా తేటపడుతుందన్నావుగా" అన్నాను.

"అది తేటపడటం కాదు. ఎక్కువసేపు చూస్తే కన్ను మనకి జాలిపడి అబద్ధం చెబుతుందట, మీ అన్నయ్యే చెప్పాడు నాకు." వదిన ముక్కు తుడుచుకుంది. "నాకు మొదటి రోజు నుంచీ తెలుసే హూరియా. డబ్బా తగలని రోజునే తెలుసు."

చేతిలో గొట్టం పక్కన పడేశాను. 

"మరి బియ్యం? ఆ ఆరబెట్టడాలు?"

"మీరు ఆరబెడుతుంటే ఆరబెట్టనిచ్చాను. ఏదో ఒకటి జరుగుతున్నట్టు ఉండేది." ఆమె టేపు మీద వేలితో రాస్తోంది. "చొక్కాలు పంచేశాం. మంచం పోయింది. బూట్లు ఆయనతోనే పోయాయి. ఈ రింగు ఒక్కటే ఆయన ఎట్లా పెట్టుకున్నాడో అట్లాగే ఉంది. ఇందులోంచి చూస్తే నాకు మసగ్గా ఉంటుంది. ఉంటే ఉండనీ, ఆయనకి తేటగా ఉంటుంది కదా అనుకునేదాన్ని. రోజూ కాసేపు ఆయన కంట్లోంచి చూస్తున్నట్టే ఉండేది."

నేనేమీ అనకుండా ఉండాల్సింది. కానీ నాకు ఏడుపొస్తే కోపంగానే బయటికొస్తుంది. నాకూ అన్నయ్యే, నీకొక్కదానికే పోలేదు అన్నాను. ఆ దుప్పి పొట్టలో తూటా దిగి, ఏ లోయలోనో పడి రోజంతా కొట్టుకుని చస్తే, అన్నయ్య పేరు మీద అదేనా వడ్డించేది అన్నాను. ఆయన జీవితంలో ఒక్క జంతువునన్నా అలా వదిలాడా అన్నాను. వదిన మొహం చిన్నబోయింది. ఆ మొహం చూసి నేనే మెత్తబడ్డాను. గోళ్ళ రంగు పెట్టి గుర్తు వేద్దాం వదినా, దుప్పి పడ్డాక మళ్ళీ అక్కడికే తిప్పేద్దాం, అన్నయ్యది అన్నయ్యకే ఉంటుంది అన్నాను.

 మంచులో ఎక్కడో ఆ దుప్పి మళ్ళీ అరిచింది.

"తిప్పేస్తాం సరే" అంది వదిన. "వచ్చి ఎవరు చూస్తారే?"

 ఏడాదిగా నేను వంటలు చేశాను, చుట్టాలకు ఫోన్లు చేశాను, రాయి మీద అక్షరాలు దిద్దించాను. అన్నయ్య రాడు అన్నది మాత్రం ఆ మాను వెనక, తడి నాచు మీద కూర్చున్నప్పుడే నాకు ఎక్కింది. గట్టిగా ఏడ్చేశాను. వేటకు వచ్చి ఏడవకూడదని కూడా అనిపించలేదు. వదిన నా తల మీద ఆ టోపీ పెట్టింది, ఎందుకో నాకు తెలియదు. అన్నయ్య చెమట వాసన ఇంకా ఉంది దానికి.

తర్వాత వదిన టేపు అంచు తనే లేపింది. నెమ్మదిగా, కట్టు విప్పుతున్నట్టు విప్పింది. కింద జిగురు ముద్ద. గోటితో దాన్ని గీకింది. జిగురు కింద రింగు మీద రెండు గీతలున్నాయి, మేకుతో గీసినవి. ఒకటి రింగు ఇప్పుడు ఆగి ఉన్నచోట. రెండోది కాస్త పక్కగా, అరిగిపోయి, కనీకనపడకుండా.

వదిన ఆ రెండో గీత మీద వేలు పెట్టింది. అది తనదేనంది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరికీ కలిపి ఒకటే రైఫిల్. ఆయన చూశాక ఆమె చూడాలంటే ప్రతిసారీ తిప్పుకోవాలి. గుర్రపు లాడం మేకుతో ఆయన ఇద్దరికీ చెరో గీత పెట్టాడు. తర్వాత పిల్లలు పుట్టారు, ఆమె ఇంటిదగ్గర ఉండిపోయింది, ఆయన టేపు చుట్టేశాడు. ఇంత మాట ఎట్లా మర్చిపోయానే అని తనను తానే అడుగుతోంది. ఇదుగో చూశావా, అన్నయ్య నీకూ చోటుంచాడు అని నేను సంబరపడిపోయాను.

వదిన రింగును తన గీతకు తిప్పింది. రైఫిల్ ఎత్తి తెల్లటి ఆకాశం వైపు పెట్టింది. ఒక్క చూపు చూసి దించేసింది. ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"ఇదీ మసకే" అంది. "ఇది ఆ పిల్ల కన్నే హూరియా. పెళ్ళికూతురిది. అదీ పోయింది."

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఇక పనిలో పడింది. కళ్ళు మూసుకుని ఉండి, తెరిచి ఆ తెలుపు వైపు ఒక్క క్షణం చూడటం, వెంటనే పక్కకు తిరగడం, రింగు కొంచెం కదపడం, మళ్ళీ కళ్ళు మూసుకోవడం. అన్నయ్య అలాగే చెప్పాడట, తేరిపార చూడొద్దని. నేను పక్కన కూర్చుని ఆమె వేళ్ళనే చూస్తున్నాను. రింగు ఆమె గీత దాటింది, ఆయన గీత దాటింది, ఏ గీతా లేని చోటికి పోయింది. ఇంకొంచెం పోయి, కొంచెం వెనక్కి వచ్చి ఆగింది.

"దారంలా ఉంది" అంది వదిన మెల్లగా.

మసక నీడల మీద పెట్టి చూసింది, మళ్ళీ ఆకాశం మీద పెట్టి చూసింది. దారంలానే ఉందిట. ఎదుట ఉన్న మాను బెరడు మీద చిన్న ముడి చూపించి, దాని నడిమధ్య గీత నిలబడిందని చెప్పింది. నేను కొత్త టేపు లేదే అన్నాను. అక్కర్లేదంది, జేబులోంచి తూటాలు తీసి మళ్ళీ ఎక్కించింది.

ఎండ వచ్చి మంచు లేత పసుపు రంగు తిరిగింది. నేను గొట్టం నోటికి పెట్టుకున్నాను. ఏడ్చి ఏడ్చి నా గొంతు బొంగురుపోయి ఉంది. అదే మంచిదయింది. అంత బొంగురు గొంతు విని ఆ దుప్పికి రోషం వచ్చినట్టుంది, పొదలు విరగదొక్కుకుంటూ వచ్చేసింది. గడ్డిలోకి రెండడుగులు వేసి, పక్కకు తిరిగి నిలబడి, తల వెనక్కి వాల్చి అరవబోయింది. ఆ అరుపు పూర్తికాలేదు. తూటా చప్పుడు కొండకూ కొండకూ తగిలి చాలాసేపు తిరిగింది. దుప్పి నిలబడిన చోటే మోకాళ్ళ మీద వాలి, పక్కకు ఒరిగింది. కాలు కూడా కదపలేదు.

మేం వెళ్ళి దాని పక్కన కూర్చున్నాం. వదిన దాని నుదుటి మీద చెయ్యి వేసి, బాబాయి చదివే మాటలు తనకు వచ్చినంత చదివింది. బిస్కెట్ మీద మాంసం కట్టుకుని, ఏరు దాటుకుంటూ, నిద్రలో నడిచినట్టు ఇంటికొచ్చాం. అన్నయ్య పడిపోయిన గట్టు దగ్గర బిస్కెట్ మళ్ళీ ఆగింది. ఈసారి వదిన దాని మెడ నిమిరి, పద నాన్నా అంది.

ఈస్టర్ నాడు రాయి మీది గుడ్డ తీశారు. బాబాయి చదివాడు, నీళ్ళు ధారాళంగా చల్లాడు, నేను అడ్డుపడలేదు. రాళ్ళు కాల్చిన గోతిపొయ్యి విప్పేసరికి వాసనకే జనం లేచి నిలబడ్డారు. ఈ మాంసం ఎవరిదని దూరపు చుట్టాలు అడిగితే, హామియోర ఇంటిదని బాబాయి చెప్పాడు. వదిన అందరికీ వడ్డించి, అందరూ తిన్నాక మా ఇంటికి వచ్చి, తన పళ్ళెం పట్టుకుని కూర్చుంది.

పావొర ఊరుకోడు కదా. గోడకున్న రైఫిల్ తీసి, బోల్టు చూసి, కిటికీలోంచి కొండ వైపు పెట్టాడు.

"ఇప్పుడు గీతలు అసలే కనపడట్లేదు అత్తా. నీళ్ళు ఇంకా ఎక్కువయ్యాయి."

"నాకు బానే కనపడుతోంది. పెట్టెయ్ అక్కడ" అంది వదిన.

వాడు దాన్ని నా చేతికిచ్చాడు, చూడు పిన్నీ అని. చూశాను. కొండ మీద రీమూ చెట్టు స్పష్టంగా ఉంది, దాని ముందు గీతలు మసగ్గా ఉన్నాయి. నా కంటికి అలాగే ఉండాలి. రైఫిల్ గోడకు పెట్టేశాను.

అప్పుడు కొండ మీంచి ఒక దుప్పి అరిచింది. వదినా, ఇంకో రొట్టె వెయ్యనా అని అడిగాను. వదిన తింటున్న పళ్ళెం పక్కన పెట్టి, గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. మళ్ళీ పిలిచాను. పలకలేదు.